పెళ్లిళ్ల గది గోడలో ఓదిల్

ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత ఆన్సెల్మ్ కొర్బినో ఆ పూటకూళ్ల ఇంటి గడప తొక్కేసరికి జేలీ ఉల్లిపాయలు తరుగుతోంది. అదే ఆమె అదృష్టం. కళ్లవెంట నీళ్లు కారుతున్నా ఎందుకని ఎవరూ అడగరు.

మధ్యాహ్నం మూడు దాటింది. పారిస్‌లో ఆ వీధి వీధంతా కళాశాల గోడ నీడలోనే బతికేది. గోడకి అటువైపు భవనాలు కట్టేవాళ్లు తయారయ్యేవాళ్లు, ఇటువైపు వాళ్లకి సూపు తయారయ్యేది. ఆ వేళప్పుడు కొట్టులో ఇద్దరే ఉన్నారు, చొక్కా చేతుల నిండా సిరా మరకలతో ఇద్దరు విద్యార్థులు.

"జేలమ్మా, ఈ సూపులో మాంసం ఉందా, లేక మాంసం పక్కనుంచి నడిచి వెళ్లిందా?" అంటున్నాడు ఒకడు.

"నీ బొమ్మలో మెట్లు ఉన్నట్టే ఉందిలే. వెతుక్కో," అంది జేలీ తల ఎత్తకుండానే.

అప్పుడు మోగింది తలుపు గంట. వచ్చినాయన టోపీ తీశాడు. తల నెరిసింది. కోటు మీద ప్రభుత్వ బిరుదు తాలూకు ఎర్ర రిబ్బను ముక్క ఉంది. ఎడమ భుజం కుడిదానికంటే కాస్త కిందకి దిగి ఉంది. తరతరాలుగా రాయి మోసినవాళ్ల ఇంటి పోలిక అది. విద్యార్థులిద్దరూ చెంచాలు వదిలేసి లేచి నిలబడ్డారు.

"జేలమ్మా, ఎవరనుకుంటున్నావు? కొర్బినో గారు. పెద్ద రైల్వే స్టేషను కట్టినాయన. లోపల గోడల మీద బొమ్మలు కూడా ఆయనే వేసుకున్నారు."

"తెలుసులేవయ్యా. ఈ బల్ల మీదే తల వాల్చి నిద్రపోయేవాడు. ముక్కు సూపులో మునగకుండా నేను గిన్నె జరిపేదాన్ని. తినడం అయిందిగా, కదలండిక. మీ ప్లాను మిమ్మల్ని వెతుక్కుంటోంది."

వాళ్లు వెళ్లారు. ఆన్సెల్మ్ గోడవారగా ఉన్న పాత బెంచీ మీదే కూర్చున్నాడు.

"సూపు పొయ్యమంటారా?" అంది జేలీ.

ఆ 'మంటారా' ఆయనకి గుచ్చుకుంది. కానీ గుచ్చుకోవడానికి సిద్ధపడే వచ్చినట్టున్నాడు.

"వద్దు జేలీ. వెర్నెల్‌లో పురభవనం కడుతున్నాను. అందులో మేయరు పెళ్లిళ్లు చేయించే గది ఉంది. గోడ మీద బొమ్మ నేనే వేస్తున్నాను."

"వెయ్యండి. చేతనైన పనేగా."

"తల్లి, తండ్రి, కోతల వేళ చేలో భోజనం. అందులో ఒక పిల్ల ఉండాలి. రెండేళ్ల పిల్ల." టోపీ బల్ల మీద పెట్టి అన్నాడు, "నాకు ఓదిల్ ముఖం కావాలి."

కత్తి ఆగిపోయింది. జేలీ తల్లి పోయాక ఆ పేరు ఆ ఇంట్లో పైకి పలికినవాళ్లు లేరు.

"నా దగ్గర లేదు."

"నీ దగ్గర లేకపోతే భూమ్మీద ఇంకెవరి దగ్గరా లేదు. ఫొటో తీయించలేదు. పాలిచ్చిన దాది పోయింది, కనుక్కున్నాను. నేను చూసింది ఎనిమిది నెలల పిల్లని. ఆ వయసులో అందరు పిల్లలూ ఒకలాగే ఉంటారు."

"లేదన్నానుగా. వెళ్లేటప్పుడు తలుపు దగ్గరగా వెయ్యండి, చలిగాలి కొడుతోంది."

ఆయన తలుపు దగ్గరగానే వేసి వెళ్లాడు. జేలీ మిగిలిన ఉల్లిపాయలన్నీ తరిగింది. ఆ పూటకి సరిపోయిన తర్వాత కూడా తరుగుతూనే ఉంది.

ఆమె ఎందుకలా అందో తెలియాలంటే మొదటికి పోవాలి.

ఆన్సెల్మ్‌ది తూరెన్ ప్రాంతం, తెల్లరాయి తవ్వే ఊరు. తాత రాయి చెక్కాడు, తండ్రి రాయి చెక్కాడు. వీడు మాత్రం చెక్కాల్సిన రాళ్ల మీద బొగ్గుతో బొమ్మలు గీసి తన్నులు తిన్నాడు. ఆ బొమ్మలు చూసి ఊరి పెద్దలు చందాలేసుకుని పారిస్ పంపించారు. పందొమ్మిదేళ్ల వయసులో చెక్కబూట్లు టకటకలాడించుకుంటూ కొట్టులోకి వచ్చి, "రొట్టె ఉందా అండీ, నిన్నటిదైనా పర్లేదు," అన్నాడు. ఆ ఒక్క మాటకే జేలీ తల్లి ఫిలోమెన్ కరిగిపోయి వేడి రొట్టె పెట్టింది. జేలీ కరగడానికి మాత్రం ఆరేళ్లు పట్టింది. అప్పటికామె పదిహేనేళ్ల పిల్ల మరి.

ఆ కళాశాలలో ఒక పద్ధతి ఉండేది. ఏ పోటీకైనా ముందు విద్యార్థిని ఒంటరిగా ఒక చిన్న గదిలో పెట్టి తలుపేస్తారు. పుస్తకం ఉండకూడదు, పలకరించే మనిషి ఉండకూడదు. ఇచ్చిన గడువులో తను కట్టబోయేది ఎలా ఉంటుందో చిన్న కాగితం మీద గీసి ఇచ్చెయ్యాలి. దాన్ని తొలిగీత అనేవాళ్లు. తర్వాత నెలల తరబడి కూర్చుని ఆరడుగుల బొమ్మలు గీస్తారు కదా, అవన్నీ ఆ తొలిగీతకి కట్టుబడి ఉండాలి. మధ్యలో బుద్ధి పెరిగినా సరే, తప్పు తెలిసినా సరే, దాటకూడదు. దాటితే పోటీలోంచి తీసేస్తారు. ఇంతకీ ఆ గీసిన ఇళ్లలో ఎవరైనా ఉంటారా అని జేలీ ఒకసారి అడిగితే, "ఉండరు, చూస్తారంతే," అన్నాడు ఆన్సెల్మ్.

అన్నిటికంటే పెద్ద పోటీ రోమ్ బహుమతి. గెలిస్తే నాలుగేళ్లు రోమ్‌లో ఉండి చదువుకోవచ్చు, ఆ తర్వాత దేశంలో ఏ పెద్ద కట్టడమైనా వాళ్ల చేతికే వస్తుంది. దానికి రెండు షరతులు. ముప్పై ఏళ్లు నిండి ఉండకూడదు. పెళ్లయి ఉండకూడదు.

ఆన్సెల్మ్ నాలుగుసార్లు కూర్చున్నాడు. మొదటి రెండుసార్లు పై వరసదాకా రాలేదు. మూడోసారి తొలిగీత ఇచ్చాక నెలకి, మెట్లు తప్పు చోట పెట్టానని తెలిసింది. తెలిశాక ఊరుకోలేకపోయాడు. రాయి మోసినవాళ్ల కొడుకు, జనం తడబడే చోట మెట్లు ఉంచలేకపోయాడు. జరిపాడు. బొమ్మ అద్భుతంగా ఉందని అందరూ మెచ్చుకుని, అద్భుతంగా పక్కన పెట్టేశారు. అప్పట్నుంచి గీసింది మార్చడమంటే అతనికి భయం పట్టుకుంది. నాలుగోసారి భయపడుతూ గీశాడు, రెండో స్థానం వచ్చింది. రెండో స్థానానికి రోమ్ లేదు.

ఈ మధ్యలోనే ఓదిల్ పుట్టింది.

పుట్టుకలు రాసే పుస్తకంలో తల్లి పేరు రాయించారు. తండ్రి పేరు దగ్గర గీత గీశారు. పిల్ల ఉండకూడదని షరతేమీ లేదు కానీ, తెలిస్తే పెద్దలు మొహం చిట్లిస్తారు. "వచ్చే ఏడు రాయిద్దాం జేలీ," అన్నాడు. ఆ వచ్చే ఏడు కూడా అదే మాట. పిల్లని పారిస్‌లో చాలామంది చేసినట్టే మోర్వాన్ కొండల్లో ఒక దాది దగ్గర ఉంచారు. జేలీ రెండు నెలలకోసారి రైలెక్కి వెళ్లి చూసొచ్చేది. ఆన్సెల్మ్ ఒక్క ఎండాకాలం వెళ్లాడు. తర్వాత ప్రతి వసంతం పోటీ, ప్రతి వేసవి పోటీ.

"ఎలా ఉంది?" అని అడిగేవాడు.

"ఎప్పుడు చూసినా చేతిలో రొట్టె అంచు. పళ్లు లేనప్పుడూ చప్పరించింది, వచ్చాకా వదలదు. నీలాగే నిన్నటి రొట్టె చాలు దానికి."

అతను నవ్వేవాడు. తల వాల్చి నిద్రపోయేవాడు. ఆమె గిన్నె జరిపేది.

ఐదోసారి, అంటే ఆఖరిసారి. ఆ అక్టోబరుకి అతనికి ముప్పై నిండుతాయి. మార్చిలో ఆఖరి పదిమందిలో పేరొచ్చింది. ఇరవైనాలుగు గంటలు గదిలో పెట్టి తలుపేసిన ఆ పొద్దున్నే మోర్వాన్ నుంచి ఉత్తరం వచ్చింది. దాదికి రాత రాదు, ఊరి బడిపంతులు రాసిపెట్టాడు. పిల్లకి గొంతువాపు జ్వరం, ఊపిరి ఆడటం లేదు, వెంటనే రండి.

జేలీ నడుముకున్న గుడ్డ కూడా విప్పకుండా గదుల గేటు దగ్గరికి పరుగెత్తింది. అక్కడ కాపలా ముసలి లెద్రు. ఆయనకి ఉల్లిపాయ సూపంటే ప్రాణం, జేలీ అంటే కూతురంత అభిమానం.

"పిలవమంటే పిలుస్తానమ్మాయీ. పిలిస్తే వస్తాడు. వచ్చాడా, మళ్లీ ఈ గేటు లోపలికి పోనివ్వను. అది నీకు నేను చెప్పాలా? పదేళ్లబట్టి వీళ్లకి వడ్డిస్తున్నావు."

జేలీకి తెలుసు. మిగతా ఆడవాళ్లెవరికైనా అయితే తెలిసేది కాదు. ఒక మామూలు ఇల్లాలు అయితే గేటు విరగ్గొట్టి అరిచేది, అదే మంచిదయ్యేది. జేలీ కళాశాల గోడ నీడలో పెరిగిన పిల్ల. తొలిగీత మధ్యలో ఆపకూడదని ఆమెకి ఎముకల్లో ఉంది. బొమ్మ గీసే మనిషిని పలకరించకుండా గిన్నె పెట్టి వెనక్కి నడవడం ఆమె మాటలు నేర్చుకున్నప్పుడే నేర్చుకుంది.

"రేపు పొద్దున బయటికొస్తాడు. ఏం చెప్పమంటావు?" అన్నాడు లెద్రు.

"ఊరికెళ్లానని చెప్పండి. అంతే."

"అంతేనా?"

"అంతే బాబాయ్."

జేలీ వెళ్లాక ఓదిల్ మూడు రోజులు బతికింది. ఆ మూడు రోజులూ జేలీ ఒడిలోనే ఉంది. రెండేళ్ల నాలుగు నెలల పిల్ల. ఏడవడానికి ఓపిక లేదు. రొట్టె అంచు చేతిలో పెడితే పట్టుకుంది కానీ నోట్లో పెట్టుకోలేదు. చర్చి పక్కన చిన్న చెక్క శిలువ పాతారు. దాని మీద 'ఓదిల్, పారిస్' అని రాశారు. ఇంటిపేరు ఏం రాయాలని అడిగితే జేలీ చప్పున చెప్పలేకపోయింది. వడ్రంగి కాసేపు చూసి, ఉన్నంతవరకు చాల్లెమ్మన్నాడు.

తిరిగొచ్చిన రోజు ఆన్సెల్మ్ కొట్టులోకి ఎగురుకుంటూ వచ్చాడు. "మెట్లు కుదిరాయి జేలీ. ఈసారి తొలిగీతలోనే కుదిరాయి. అవునూ, ఊరికెళ్లావట. ఓదిల్ ఎలా ఉంది?"

జేలీ గరిటె ముంచింది. చెబితే అతని చెయ్యి వణుకుతుంది. ఇంకా నాలుగు నెలల పని ఉంది, వెంట్రుకంత గీతల పని.

"నిద్రపోతోంది," అంది. "నిద్రపోతుంటే చూసొచ్చాను."

నాలుగు నెలలు అతను ప్రతి పూటా వచ్చాడు. నాలుగు నెలలు ఆమె సూపు పోసింది. తల్లి ఫిలోమెన్ వంటింట్లో గోడకి తల ఆనించి ఏడ్చేది. జేలీ మాత్రం ఏడవలేదు. ఉల్లిపాయలు తరిగేటప్పుడు తప్ప.

ఆగస్టు మొదట్లో తీర్పు వచ్చింది. మొదటి స్థానం. తోటివాళ్లు అతన్ని భుజాల మీద మోసుకొచ్చి, బాజాలతో కొట్టు ముందు దింపారు. అతను జనాన్ని తప్పించుకుని వంటింటి మెట్ల దగ్గరికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"రేపే రైలెక్కుదాం. పిల్లని తీసుకొచ్చి నా పేరు రాయిస్తాను. ఇక ఎవరు మొహం చిట్లిస్తే నాకేంటి? పెళ్లి రోమ్ నుంచి వచ్చాక. పేరు మాత్రం రేపే."

అప్పుడు చెప్పింది జేలీ. రెండే రెండు వాక్యాల్లో చెప్పింది.

అతను మెట్టు మీద కూలబడ్డాడు. నోరు తెరిచాడు, మాట రాలేదు. గడ్డం వణికింది. బయట ఇంకా బాజాలు మోగుతున్నాయి.

"ఎప్పుడు?"

"మార్చిలో. నువ్వు గదిలో ఉన్నప్పుడు."

"నాలుగు నెలలు నీ చేతి సూపు తాగాను," అన్నాడు.

అంతే. లేచి వెళ్లిపోయాడు. రోమ్ నుంచి ఒక్క ఉత్తరం రాశాడు. అందులో ఒక్కటే వాక్యం: నువ్వు చెప్పివుంటే నేను వచ్చేవాణ్ణి. జేలీ దానికి జవాబు రాయలేదు. వస్తాడని తెలిసే కదా చెప్పనిది.

ఆ తర్వాత అతని బతుకు పేపర్లలో వచ్చింది. రోమ్‌లో కొలతలు తీసుకోమని పంపితే నిచ్చెనలెక్కి పాత గోడబొమ్మలకి ముక్కు ఆనించి కూర్చునేవాడట. తిరిగొచ్చి రైల్వే స్టేషను కట్టాడు, రెండు థియేటర్లు కట్టాడు, కట్టిన ప్రతి గోడ మీదా తనే బొమ్మ వేశాడు. కట్టేవాళ్లు అతన్ని రంగులవాడన్నారు, రంగులవాళ్లు మేస్త్రీ అన్నారు. అతని బొమ్మల్లో దేవతలున్నారు, నదులున్నాయి, నాగళ్లున్నాయి, పంటలున్నాయి. పసిపిల్లలు లేరు. ఒక విమర్శకుడు దాన్ని గొప్ప నిగ్రహం అని రాశాడు. జేలీ ఆ పేపరు ముక్కలో చేప చుట్టింది. అతను పెళ్లి చేసుకోలేదు. ఆమె కూడా చేసుకోలేదు.

ఇప్పుడు మళ్లీ ఉల్లిపాయల దగ్గరికి వద్దాం.

ఆన్సెల్మ్ వచ్చి వెళ్లిన మర్నాడు పొద్దున జేలీ క్యాబేజీ ఆకులు వలుస్తూ, ఎన్నాళ్లకో, ఓదిల్ ముఖాన్ని కళ్ల ముందుకి తెచ్చుకోబోయింది. ఇన్నేళ్లూ ఆమె దాన్ని బయటికి తీసేది కాదు. పండగబట్టలా మడిచిపెట్టింది, తీస్తే మాసిపోతుందని. నుదురు వచ్చింది. కనుబొమలు వచ్చాయి, ఎడమది కొంచెం పైకి. ముక్కు వచ్చింది, పై పెదవి వచ్చింది. అక్కడితో ఆగిపోయింది. కింద ఏమీ లేదు.

మళ్లీ మొదట్నుంచి తెచ్చుకుంది. మళ్లీ అక్కడే ఆగింది.

గడ్డం లేదు. జేలీ చేతిలో క్యాబేజీ జారి నేల మీద దొర్లింది. మడిచిపెట్టినా పురుగు కొట్టేసింది. ఇంకో ఏడాది ఆగితే పెదవి పోతుంది. తర్వాత ముక్కు. తను పోయేనాటికి ఓదిల్ అన్నది ఎక్కడా ఉండదు, చెక్క శిలువ కూడా పుచ్చిపోయి ఉంటుంది.

అయినా రెండు వారాలు మొండికేసింది. మూడో ఆదివారం పొద్దున్నే కొట్టు మూసి వెర్నెల్ రైలెక్కింది.

పురభవనం ఇంకా సున్నం వాసనేస్తోంది. పెళ్లిళ్ల గదిలో ఆన్సెల్మ్ ఒక్కడే ఉన్నాడు. బొమ్మ వేసిన కాన్వాసు పెద్ద తివాచీలా చుట్టి నేల మీద పడుంది. గోడ మాత్రం ఖాళీగా, తెల్లగా ఉంది.

"గుడ్డ చుట్టేశారేం?" అంది జేలీ, గుమ్మంలోంచే.

ఆయన తిరిగి చూశాడు. ఆశ్చర్యపోవడానికి కూడా ఓపిక లేనట్టుంది.

"పిల్లని ఒప్పుకోలేదు. కమిటీ ఆయన వచ్చాడు, చిన్నవాడు, మన కళాశాలవాడే. 'కొర్బినో గారూ, మేం ఆమోదించిన చిత్రంలో ఈ పిల్ల లేదు కదండీ. తొలిగీత దాటకూడదని మీకు నేను చెప్పాలా?' అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడనుకున్నావు."

"మీరేమన్నారు?"

"ఏమంటాను? నిజమే కదా. నేను మొదట గీసినప్పుడు ఆ పిల్ల లేదు. ఎప్పుడూ లేదు."

జేలీ గ్లవ్స్ ఊడదీసి మళ్లీ తొడుక్కుంది. "అయితే వచ్చి లాభం లేదు. పన్నెండింటికి రైలుంది."

"జేలీ." ఆయన గోడ వైపు చెయ్యి చూపించాడు. "గోడ ఇంకా ఖాళీగానే ఉంది. మేస్త్రీ రెండింటికి వస్తాడు. తెల్లసీసం ముద్ద పూసి ఈ గుడ్డ అతికిస్తాడు. అతికించాక గోడ కూలితే తప్ప ఊడదు."

ఆమెకి అర్థమైంది. మెల్లగా లోపలికి వచ్చింది.

"ఎవరికీ కనపడదు."

"కనపడదు."

"మేయర్లకి, పేపర్లవాళ్లకి, నీ కమిటీకి?"

"ఎవరికీ."

"అయితే చెబుతాను," అంది జేలీ, టోపీ తీసి కిటికీలో పెడుతూ.

ఆయన బొగ్గు తీశాడు, ఎర్రసుద్ద తీశాడు. మనిషి నడుమెత్తులో, పిల్ల నిలబడితే ఉండే ఎత్తులో, మోకాళ్ల మీద కూర్చున్నాడు. దేశంలో సగం గోడలకి దేవతల్ని దింపిన చెయ్యి, ఇప్పుడు సుద్ద పట్టుకుని ఆమె మాట కోసం ఎదురుచూస్తోంది.

"నుదురు పెద్దది. అంత కాదు. జుట్టు ముందుకి పడేది, ఎంత వెనక్కి దువ్వినా. కళ్లు దూరంగా... నేను చెప్పేది దూరంగా అంటే గుర్రానికున్నంత దూరం కాదు మహానుభావా, కాస్త."

"ఇలాగా?"

"ఎడమ కనుబొమ పైకి. ఇంకా. అది ఎప్పుడూ 'నిజమా?' అన్నట్టు చూసేది. ఆఁ. ముక్కు అలా కాదు, నువ్వు రోమ్ ముక్కు పెడుతున్నావు. చెరిపెయ్. మా అమ్మ ముక్కు. గుండ్రంగా, చివర చిన్న బఠాణీ గింజలా."

మీరు పోయి నువ్వు వచ్చిందని ఇద్దరూ గమనించారు, ఇద్దరూ ఊరుకున్నారు. ఆయన గీస్తున్నాడు, ఆమె చెరిపిస్తోంది. ఆయన జీవితంలో గీసినదాన్ని అన్నిసార్లు మార్చింది ఆ పొద్దున ఒక్కటే. పెదవి దాకా వచ్చింది. బొగ్గు ఆగింది.

"గడ్డం?"

జేలీ గోడ వైపే చూస్తోంది.

"జేలీ, గడ్డం గుండ్రమా, కోలా?"

"నా దగ్గర లేదయ్యా." ఆమె కిటికీ వైపు తిరిగింది. "ఆరోజు లేదన్నది అందుకే అనుకోకు, అప్పటికింకా తెలీదు. మర్నాడు చూసుకుంటే లేదు. కన్నతల్లిని. దాచుకున్నదంతా అదొక్కటే, అందులోనూ ముక్క పోగొట్టుకున్నాను."

ఆన్సెల్మ్ బొగ్గుముక్కని వేళ్ల మధ్య తిప్పాడు. ఊహించి గీయగలడు. ఎన్ని వందల గడ్డాలు గీసిన మనిషి. గీయలేదు.

"రొట్టె ఏ చేత్తో పట్టుకునేది?" అన్నాడు.

"ఎడం చేత్తో."

ఆయన చిన్న పిడికిలి గీశాడు. పిడికిల్లో రొట్టె అంచు. ఆ చెయ్యి నోటి కింద అడ్డంగా వచ్చి, లేని గడ్డాన్ని కప్పేసింది. చివరి గీత గీసి పక్కకి జరిగాడు.

గోడలోంచి ఓదిల్ చూస్తోంది, నిజమా అన్నట్టు.

ఇద్దరూ నేల మీద కూర్చుని చూశారు. ఎంతసేపో తెలీదు. ఒకసారి ఆయన అన్నాడు, "ఈ గదిలో మొదటి పెళ్లి మనది చేసుకుందామా?"

"మన తొలిగీతలో అది లేదు కదయ్యా," అంది జేలీ. ఎగతాళిగా అనలేదు. ఆయన తల ఊపాడు.

రెండింటికి మేస్త్రీ గిబెర్ బకెట్లతో, ఇద్దరు పనివాళ్లతో వచ్చాడు. గోడ చూసి ఆగాడు. ఒకసారి బొమ్మని, ఒకసారి కింద కూర్చున్న ఇద్దర్నీ చూసి, "ముందు పైనుంచి పూసుకొస్తాం లెండి, ఇక్కడికి ఆఖర్న," అన్నాడు. మంచివాడు.

ఆఖరికి ఆ చోటొక్కటే మిగిలింది. జేలీ లేచి గిబెర్ చేతిలోని కుంచె అందుకుంది.

"రుద్దకు," అన్నాడు ఆన్సెల్మ్. "రుద్దితే సుద్ద చెరిగిపోతుంది. అద్దు. మెత్తగా."

జేలీ అద్దింది. తెల్లటి ముద్దలో ముంచి, నుదుటి మీద, చెంపల మీద, ఒక్కొక్కటే, ఒడిలో పిల్లని జోకొట్టినట్టు. కళ్ల దగ్గర మాత్రం చెయ్యి ఆగింది. గిబెర్ గొంతు సవరించుకున్నాడు, ముద్ద ఆరిపోతే పట్టదు మరి. ఆమె కళ్లు కూడా మూసేసింది.

"నిద్రపోతోంది," అంది.

ఆన్సెల్మ్ మొహం తిప్పుకున్నాడు. పనివాళ్లు గుడ్డ ఎత్తి, రోలరుతో ఒత్తుకుంటూ అతికించారు. ఓదిల్ ఉన్న చోటికి గోధుమచేను వచ్చింది. తల్లి బొమ్మ పావడాకి, తండ్రి బొమ్మ మోకాలికి మధ్య, ఊరికే కాస్త గోధుమచేను.

ఆ తర్వాత మూడో ఏడు ఫిబ్రవరిలో ఆన్సెల్మ్ పోయాడు. సీసం రంగులు ఊపిరితిత్తుల్నో పొట్టనో తినేశాయన్నారు. పేపర్లు పెద్ద పెద్ద పేర్లు రాశాయి. తూరెన్ రాయి కింద పెట్టారు.

జేలీ శనివారాలు వెర్నెల్ వెళ్లడం మొదలుపెట్టింది. శనివారం పెళ్లిళ్ల రోజు. పురభవనం తలుపులు అందరికీ తెరిచే ఉంటాయి. వెనక బెంచీలో కూర్చునేది. బంట్రోతు మొదట్లో అడిగాడు, "మదాం, పెళ్లికూతురి తరఫా, పెళ్లికొడుకు తరఫా?"

"పిల్ల తరఫు," అంది. అతను తలాడించి వెళ్లిపోయాడు.

ఒక జూన్ శనివారం ఎవరిదో పెళ్లి. మేయరు పెద్ద పుస్తకం తెరిచి, ఫలానా వారి కుమారుడు, ఫలానా వారి కుమార్తె అని చదువుతున్నాడు. పెళ్లికూతురి బంధువుల పిల్ల, మూడేళ్లు కూడా లేవు, విసుగెత్తి గోధుమచేను దగ్గరికి నడిచింది. కొత్త బూట్లు. జారి కూర్చుంది. దెబ్బేం తగల్లేదు. ఏడవాలా వద్దా అని తల్లి కోసం చూసింది. పెదవి ముందుకొచ్చింది, దాని కింద గడ్డం నిమ్మతొక్కలా గుంటలు గుంటలుగా ముడుచుకుని వణికింది.

జేలీ బెంచీ అంచు పట్టుకుంది.

అదే. ఓదిల్ కూడా ఏడవబోయే ముందు అచ్చం అలాగే. ఆఖరి మూడు రోజులూ ఏడవడానికి ఓపిక లేదు కదా పిల్లకి, ఆ మూడు రోజులే జేలీ మనసులో మోసుకు తిరిగింది ఇన్నేళ్లూ, అందుకే ఆ గడ్డం లేకుండా పోయింది. ఇప్పుడు ముఖం పూర్తిగా వచ్చింది. వంటింటి మెట్టు మీద, బాజాలు మోగుతుండగా, నోరు తెరిచి మాట రాని మనిషికి వణికిన గడ్డం కూడా అదే. కళ్లెదురుగా చూసింది, అప్పుడే చూసింది.

పెళ్లి అయింది. అందరూ నవ్వుకుంటూ బయటికి పోయారు. జేలీ గోడ దగ్గరికి వెళ్లి గోధుమచేను మీద అరచెయ్యి ఆనించింది.

"నీ గడ్డమేనయ్యా," అంది. "గుర్తొచ్చింది. నీదే."

"మదాం, బొమ్మని ముట్టుకోకూడదు," అన్నాడు బంట్రోతు వెనకనుంచి, మెత్తగానే.

"సరే బాబూ."

చెయ్యి తీసింది. గ్లవ్స్ తొడుక్కుంది. నాలుగింటి రైలు అందుకోవాలి. ఆరింటికి సూపు పొయ్యి మీద ఉండాలి.